ట్రయల్ కొట్టే హక్కు

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు వదిలి అశోక్‌నగర్ వైపు సందులోకి తిరిగితే, హాస్టళ్ల బోర్డుల నడుమ మెకానిక్ శ్రీశైలం షెడ్డు ఉంటుంది. కనిపించడానికి ముందే వినిపిస్తుంది లెండి. ఆ షెడ్డులో రిపేరు ఎవరు చేసినా, ఆఖరున బండిని బయటికి తీసి ట్రయల్ కొట్టేది మాత్రం ఉస్తాదే. ఆ తర్వాత ఊడ్చి, కడిగి, సామాను సర్దేది ఉస్తాద్ చేతికింది వాళ్లు. ఇది శ్రీశైలం చట్టం. తన ఉస్తాద్ దగ్గర ఆయనా ఇట్లాగే నేర్చుకున్నాడు. మార్చమంటే మారుస్తాడా?

ఆ చట్టం కింద నలుగుతున్నది ఆయన కూతురు రేణుక. నారాయణగూడలో ఇంటర్ చదివే రోజుల్లోనే, కాలేజీ వదలగానే షెడ్డుకొచ్చి పానాలు పట్టేది. ఆడపిల్లకు గ్రీజు పనేందని చుట్టాలు మూతులు విరిచారు. నా బిడ్డ నేర్చుకుంటే మీ సొమ్మేం పోయిందని శ్రీశైలం వాళ్ల నోళ్లు మూయించాడు. అంతవరకు బంగారంలాంటి మనిషే. ఇప్పుడామెకు ముప్పై దాటాయి. ఇంజను దించినా ఎక్కించినా ఆమె చేతి మీదే. నడుం పట్టేసిన శ్రీశైలం బండి కింద దూరి చాలా కాలమైంది. అయినా బండి తాళం మాత్రం ఆయన చొక్కా జేబులోనే. వచ్చినవాళ్లు ఆమె ముందే నిలబడి, ఉస్తాద్ లేడా అని ఆమెనే అడుగుతారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా! తాను బాగుచేసిన బండికి ఒక్కసారైనా తానే ట్రయల్ కొట్టాలని రేణుక కోరిక. అడిగి తీసుకునేది కాదు కనుక ఏనాడూ అడగలేదు.

మొన్నటి వానల్లో బాలప్ప ట్రక్కు వచ్చింది. బాలప్ప అచ్చంపేట అవతలి అడవి పల్లెలకు బియ్యం, సామాను మోస్తాడు. అశోక్‌నగర్ హాస్టల్లో ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న కూతురికి బియ్యం మూట దింపి, అటునుంచి అటే షెడ్డుకు తోలుకొచ్చాడు. నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్ పడటం లేదు. మీట తిప్పితే లైటు వెలుగుతోంది కానీ ముందు చక్రాలు లాగడం లేదు. వట్టి వెనక చక్రాలతో రేగడి బురద దాటడం అయ్యే పని కాదు. రేపటికల్లా వాగు అవతల సామాను దించాలి.

శ్రీశైలం చెవి ఒగ్గి విన్నాడు.

"గేర్‌బాక్స్ దించాలె. లోపల చైన్ జారుతున్నది," అని తేల్చేశాడు.

దించితే వారమైనా పట్టొచ్చు. బాలప్ప మొహం వాడిపోయింది.

రేణుక నాలుగు చక్రాలూ నేల విడిచేలా ట్రక్కును స్టాండ్ల మీదికి ఎత్తింది. బాలప్పను సీట్లో కూర్చోబెట్టి ఫోర్ బై ఫోర్ మీట తిప్పించి, గేరు వేయించింది. తాను పక్కన నేల మీద బోర్లా పడుకుని బండి కిందికి తొంగి చూసింది. వెనక చక్రాలు తిరుగుతున్నాయి. ముందు వైపు పోయే షాఫ్టూ గిర్రున తిరుగుతోంది. ముందు చక్రాలు మాత్రం ఉలకవు, పలకవు.

"గేర్‌బాక్స్ మంచిగనే ఉన్నది బాపూ," అంది లేచి బట్టలు దులుపుకుంటూ. "షాఫ్ట్ తిరుగుతున్నది. చక్రాల కాడనే పట్టుకుంటలేదు."

శ్రీశైలం ఒప్పుకోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి! ఆయన కాలపు జీపుల్లో, దిగి చక్రం నడుమనున్న బిళ్లను చేత్తో తిప్పితే షాఫ్టుతో కలిసేది. ఈ ట్రక్కులో ఆ పని గాలి చేస్తుంది. ఇంజను దగ్గరి పంపు సన్నని రబ్బరు పైపులోంచి గాలిని గుంజితే చక్రం లోపల పట్టు పడుతుంది. రేణుక పంపు దగ్గర పైపు ఊడదీసి అక్కడ బొటనవేలు ఆనించింది. పంపు వేలిని గట్టిగా లోపలికి గుంజింది. పైపును మళ్లీ తగిలించి, చక్రం దగ్గరి కొసకు వేలు ఆనిస్తే ఏమీ లేదు. అయితే గాలి నడుమ ఎక్కడో పోతున్నట్టే. పైపు పొడవునా తడుముకుంటూ పోతే, బంపరు వెనక వేలికి పళ్ల గాట్లు తగిలాయి.

ఎలుక! బాలప్ప మోసే బియ్యం రుచి మరిగి, ఎక్కడో బండెక్కి, ఆ పైపు మీద పళ్లు నూరుకుంది. కొండను తవ్వి ఎలుకను పట్టేవాళ్లను చాలామందిని చూశాం. కొండ జోలికి పోకుండానే పట్టింది రేణుక. కొరికిన ముక్కను శ్రీశైలం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆమె కొత్త పైపు వేసి, దాని మీద మందపాటి తొడుగు ఎక్కించి, బండిని స్టాండ్ల మీంచి దించింది.

ఇక ట్రయల్. తారురోడ్డు మీద తిప్పితే ఏమీ తెలియదు, చక్రం దిగబడాలి. చిక్కడపల్లిలో అంత బురద ఎక్కడిది? సందు చివర అపార్టుమెంటు కడుతున్నచోట పెద్ద ఇసుక కుప్ప ఉంది. కాపలా ఉండే పెంటమ్మ, చెదిరిన ఇసుకను మళ్లీ కుప్ప పోసి పోవాలన్న షరతు మీద సరేనంది.

శ్రీశైలం జేబులోంచి తాళం తీసి, ఎప్పటిలాగే కుడి తలుపు తెరిచాడు. రేణుక మొహం తిప్పుకుంది. ఎంత చేసినా ఇంతే కదా అనుకుంటూ నేల మీది పానాలు ఏరసాగింది. మళ్లీ చూసేసరికి తాళం బండికే ఉంది, స్టీరింగ్ ముందు సీటు ఖాళీగా ఉంది. ఆయన బండి చుట్టూ తిరిగొచ్చి, ఎడమ తలుపు తీసుకుని ఎక్కుతున్నాడు. తన షెడ్డులో బాగైన బండిలో ఆయన ఎడమవైపు కూర్చోవడం ఎవరూ చూసి ఎరుగరు.

"సూస్తవేంది? ఎక్కు," అన్నాడు.

రేణుక సందు చివరిదాకా పోనిచ్చి, ముందుగా ఫోర్ బై ఫోర్ వేయకుండా కుప్పలోకి తోలింది. వెనక చక్రాలు ఇసుకను చిమ్మి, చిమ్మి, సగందాకా దిగబడ్డాయి. హాస్టళ్ల బాల్కనీల్లోకి పుస్తకాలతో సహా జనం చేరారు. ఎవడో పైనుంచి ఖతం అన్నాడు. శ్రీశైలం కాలు, తన వైపు లేని బ్రేకును తొక్కుతోంది. రేణుక మీట తిప్పింది, లైటు వెలిగింది, క్లచ్ మెల్లగా వదిలింది. ముందు చక్రాలు ఇసుకను పట్టాయి. ట్రక్కు ముక్కు పైకెత్తి, కుప్ప ఎక్కి, అవతలికి దిగింది. బాల్కనీలన్నీ ఒక్కటే చప్పట్లు. రేణుక గుండె పొంగిపోయింది, నవ్వు ఆపుకుందామన్నా ఆగలేదు.

పెంటమ్మ పార పట్టుకుని ఎదురొచ్చింది. నా ఇసుక ఎవరు ఎత్తుతరని నిలదీసింది. అలవాటు కొద్దీ రేణుక దిగి పారకోసం చేయి చాపింది. శ్రీశైలం అంతకుముందే అందుకున్నాడు.

"నీ నడుం పట్టేస్తది బాపూ, నాకియ్యి."

"ఉస్తాద్ పార పడుతదా? పో, పోయి బాలప్పకు బండి అప్పజెప్పు."

వంగని నడుముతోనే వంగి, ఆయన ఇసుక ఎత్తిపోయడం మొదలుపెట్టాడు.