రాజేశం గారి మూడోరకం ఫోన్లు

మా ముత్తాత నరసింగరావు గారు పెగడపల్లి దిక్కున ఏడూళ్లకు దేశ్‌ముఖు. తాత రంగారావు గారు తీర్పు చెబితే తగవు జగిత్యాల కోర్టు దాకా పోయేది కాదు. ఆ ఇంటివాడిని నేను. కోరుట్లలో ఫోన్లు బాగుచేస్తాను. ఈ ఉదయం ఒక ట్యాబ్ వెనుక మూతకు వేడి పట్టించగానే కరిగిన జిగురు వాసన లేచింది. నాకు ఈ పని నేర్పిన రాజేశం గారు జ్ఞాపకం వచ్చారు.

ఆయన సిరిసిల్ల నేతన్నల ఇంట పుట్టి, మరమగ్గాలు వదిలి, కోరుట్ల బస్టాండు ఎదుట దుకాణం పెట్టుకున్నారు. నన్ను పనిలో చేర్చుకున్ననాడు మా ఇంటి పేరు విని లేచి నిలబడలేదు. "కూసో దొరా, స్క్రూలు సదురు" అన్నారు. ఆయన జేబులో తెర నిండా రంగుల గళ్లుండే ఫోను ఉండేది. ఆండ్రాయిడూ కాదు, ఐఫోనూ కాదు, మూడోరకం. చేసిన కంపెనీయే దాన్ని వదిలేసింది. పక్కన టీకొట్టు మల్లేశం రోజూ గెలికేవాడు.

"సేటూ, గా డబ్బా ఇంక పారేయలే? దుకాణమంత ఫోన్లే, నీకొక్కటి దొరుకుతలేదా?"

"అందరెక్కిందే బస్సా మల్లేశం? గిది గూడ కోరుట్లకే పోతది."

మావి గల్ఫ్‌కు పోయినవాళ్ల ఊళ్లు. అక్కడి దుకాణాల్లో ఫోనో ట్యాబో కొంటే తెర ఎంత పెద్దదో చూస్తారే గాని లోపల ఏ సిస్టమ్ ఉందో అడగరు. సెలవుపై వచ్చే మనిషి చేత ఇంటికి పంపుతారు. ఇక్కడ తెరిచి చూస్తే అలవాటైన యాప్ ఒక్కటీ ఎక్కదు. ఒకనాడు బోయినపల్లి నుంచి గంగవ్వ అనే పెద్దావిడ అలాంటి ట్యాబ్‌నే కొంగులో చుట్టుకొని వచ్చింది.

"అల్లుడు దమ్మాంల ఉన్నడు. పుట్టిన బిడ్డను ఇంక సూడలే. రేపే తొట్టెల, పేరు పెట్టుడు. ఇంట్ల ఉన్నది బటన్ల ఫోను. పక్కింటోళ్ల ఫోన్ల సూడరాదా అంటే, నేను పంపిన దాంట్లనే సూస్త అంటడు. సిరిసిల్లల, జగిత్యాలల అందరు పనికిరాదన్నరు."

"ఇందులో వీడియో కాల్ యాప్ ఎక్కదమ్మా" అన్నాను.

రాజేశం గారు తలెత్తకుండానే అడిగారు. "దొరా, మీ తాత గడప ఎక్కినోడు ఉత్తచేతులతోని దిగలేదని ఊకె చెప్తవు గద?"

"అవును."

"గయితే గీ కౌంటర్ గూడ గడపే అనుకో. నా డబ్బాల ఏ యాపున్నదని మాట్లాడుతున్న? సూడు." తన ఫోను నా ముందుకు తోశారు.

నా వెన్ను నిటారయింది. ఆ ఫోనులో ఆయన బ్రౌజర్ నుంచే వీడియో కాల్ చేసేవారు. ట్యాబ్‌లోనూ అదే దారి పట్టాను. కాల్ లింకును దమ్మాంకు మెసేజ్‌లో పంపించాను. కాసేపటికి తెర మీద పచ్చ హెల్మెట్ పెట్టుకున్న ముఖం వెలిగింది.

"అత్తా, నేను పంపిన దాంట్లకెల్లేనా?"

"దాంట్లకెల్లే బిడ్డా! నీ పంతమే గెలిచింది" అని గంగవ్వ ట్యాబ్‌కు మెటికలు విరిచింది. అదే లింకు తెరిచే గుర్తును తెర మీద పెట్టి, ఆమె తానే నొక్కి చూపించేదాకా నేను వదల్లేదు.

మర్నాడు మధ్యాహ్నం రంగుల గళ్ల ఫోను మోగింది. తొట్టెల పక్కన ట్యాబ్‌ను నిలబెట్టి, బటన్ల ఫోను నుంచి గంగవ్వ మమ్మల్నీ కాల్‌లోకి రమ్మంది. రాజేశం గారు అదే లింకు తెరిచారు. దమ్మాంలోని తండ్రి పేరు పెట్టి పిలిచాడు, పసిది అటు తల తిప్పింది. అవతల ఆడవాళ్ల నవ్వులు. ఇవతల మల్లేశం టీ గ్లాసులు పట్టుకొని నోరు తెరిచాడు.

"తాగు దొరా, బస్సు దిగినం" అన్నారు రాజేశం గారు. ఆయన దొరా అన్న పిలుపులో ఎగతాళి లేకపోవడం నేను విన్నది ఆనాడే.

ఆ తర్వాత ఎవరూ తీసుకోని ఫోన్లన్నీ మా దగ్గరికే వచ్చేవి. ఇప్పటికీ వస్తున్నాయి. పనికిరాదన్న మాట ఈ కౌంటర్ మీద పలకను, పలకనివ్వను. జనం దీన్ని దొర దుకాణం అంటారు. ఆ దొరతనం నాకు తాతల నుంచి రాలేదు, రాజేశం గారి దగ్గర సంపాదించుకున్నాను. ఆయన పోయాక దుకాణం నేనే కొన్నాను. అందుకోసం పెగడపల్లిలో మిగిలిన రెండెకరాల తరిపొలం అమ్మాను.