తట్ట దించిన చెయ్యి

కరోనా మొదలైన రోజుల్లో గల్ఫ్ నుంచి వచ్చాను. విమానంలోనే ఒళ్ళు వెచ్చబడింది. దిగేముందు రెండు జ్వరం బిళ్ళలు మింగాను. ఆ తర్వాతిదంతా నీళ్ళ అడుగు నుంచి చూసినట్టు గుర్తు. పొడవాటి వరండా, మాస్కులు, కాళ్ళు నేలకి తగలనట్టు కదిలే వరస. చివర జ్వరం పట్టే మిషన్, దానికో తెర. అందులో మనుషులు ముఖాలు లేని రంగులై తేలుతూ వస్తున్నారు. నా రంగూ అందరి రంగులాగే ఉంది.

కాగితంలో జ్వరం ఉందా అన్నచోట లేదని రాశాను. పట్టుకుంటే ఏ ఆసుపత్రి గదిలోనో పెడతారని భయం. మా కొబ్బరాకుల గాలిలో పడుకోవాలని ఒకటే ఆశ.

"పద్నాలుగు రోజులు ఇంట్లోనే ఉండాలండీ" అంది అక్కడి అమ్మాయి.

"ఆయ్" అన్నాను.

మూడోనాడు పొద్దున్న అరుగు మీద కూర్చున్నాను. కాలవ మీది మంచు వీధిలోకి వచ్చేసింది. అందులోంచి ముందు చేపల తట్ట, తర్వాత దాని కింద మనిషి కనిపించింది. ఐ.పోలవరం వైపు నుంచి ఏళ్ళ తరబడి మా వీధికి వచ్చే ఆవిడ.

"కాస్త చెయ్యెయ్యండి బాబూ."

నెత్తిమీది తట్ట ఒక్కరే దించుకోలేరు. ఎవరు గుమ్మంలో ఉంటే వాళ్ళు చెయ్యి వేస్తారు. నేనూ వేశాను. మా ముఖాల మధ్య జానెడు దూరం.

వారం తిరక్కుండా ఆవిడ మంచం పట్టింది. తర్వాత మా వీధిలో ఇద్దరికి వచ్చింది. అందరూ తేరుకున్నారు, మాట మాత్రం మిగిలింది.

"రేవు నుంచి ఆవిడే తెచ్చిందండి. మీకేం, మిషన్ చూసి వదిలిన మనిషి" అన్నాడు ఎదురింటాయన. నేను తల ఊపాను.

ఆవిడ మళ్ళీ వచ్చినప్పుడు ఏ గుమ్మంలోంచీ చెయ్యి రాలేదు. తట్ట నెత్తినే ఉంచుకుని వీధి చివరిదాకా నడిచి వెళ్ళిపోయింది. నేను కిటికీ వెనక ఉన్నాను.

ఇన్నేళ్ళకి, పోయిన నెల, కాలవగట్టున కనిపించింది. వంతెన గోడకి ఆనుకుని, తట్టని దానిమీదకి తనే జార్చుకుంటోంది. రోజూ అక్కడే అమ్ముతోందట. దగ్గరికెళ్ళి అంతా చెప్పాను.

"తెలుసండి. ఆ రోజు మీ చెయ్యి తగిలింది కదా. పెనంలా ఉంది."

"మరి ఎవరితోనూ అనలేదేం, అక్కా?"

"మిషన్ మిమ్మల్ని వదిలేసిందాయె. నా మాట ఎవరు నమ్ముతారండి?"

చేపల మీద నీళ్ళు చల్లింది.

"వీధిలో అందరికీ చెప్తాను" అన్నాను.

"చెప్పండి. ముందు తట్ట ఎత్తండి, ఎండెక్కుతోంది."

తట్ట ఆవిడ నెత్తికెత్తాను. ఆవిడ ముందు, నేను వెనక, మా వీధిలోకి వచ్చాం. మొదట ఎదురింటాయన తలుపు కొట్టాను.