వద్దన్న ఆపరేషన్

ఆ రోజుల్లో మాకు ఎవరైనా మంచిగా మాట్లాడితే నిద్ర పట్టేది కాదు. ఎక్కడో మోసపోయామనే అనుమానం. తమిళనాడు ధర్మపురిలో మాది జవుళి అంగడి. "ఈ చీర మీకొద్దులేక్కా" అంటూ నాయన మడత పెట్టబోతే, వచ్చినావిడ ఆ చీరనే లాక్కునేది. (ఈ విద్య నాకు ఉగ్గుపాలతోనే అబ్బింది.)

సెల్‌ఫోన్లు కొత్తగా గల్లాపెట్టెల మీదికెక్కిన ఆ కాలంలో నాయనకు గుండెపోటు వచ్చింది. కొన్ని వారాల తర్వాత, మళ్లీ అంగట్లో నిచ్చెన ఎక్కవచ్చో లేదో తేల్చడానికి, ఛాతీ నిండా తీగలంటించి నడిచే యంత్రం మీద నిలబెట్టారు. ఆపరేషన్ అంటారు, గట్టిగా బేరమాడాలి అని నేను సిద్ధంగా ఉన్నాను. నాయన పంచె ఎగ్గట్టి, "ఎంతసేపు నడిచినా పక్కూరు బొమ్మిడి రాలేదే!" అన్నాడు.

డాక్టరు గీతల కాగితం చూసి, "ఇప్పుడు ఆపరేషన్ వద్దు. మాత్రలు వేసుకుంటూ అంగడికి పోవచ్చు" అన్నాడు. (మాటలన్నీ తమిళంలోనే, అనుమానం మాత్రం నాకు తెలుగులో వచ్చింది.)

వద్దంటున్నాడంటే లోపల ఏదో ఉంది! కాగితం మీద వేలు పెట్టాను. "ఈడ గీత పైకి లేచిందే సార్, దాస్తా ఉండారా?"

ఆయన ఓపికగా చెప్పాడు. అది గుండెపోటు దెబ్బ తగిలిన చోటు. అక్కడి కండ సరిగా ఆడదు కనుక నడిస్తే గీత లేవవచ్చు, అదొక్కటే చూసి రక్తనాళంలో కొత్త అడ్డు పడిందనకూడదు. మిగతా చోట్ల గీత కిందికి జారితే భయపడాలి. జారలేదు, నొప్పీ రాలేదు.

"అదంతా సరే సార్. మాకు ఆపరేషనే కావాల!"

నాయన తీగలు ఊడేటట్టు నవ్వాడు. "వద్దంటే అదే కావాలంటివే! మన గిరాకీ మాదిరే ఉండావు రా."

"నీకంత నమ్మకమేంది నాయనా?"

"అమ్మేవాడు చీర కట్టేదాన్ని చూస్తాడా? డబ్బు తీసే మొగుణ్ణి చూస్తాడు. ఈయన నేను నడిచినంతసేపూ నా మొగమే చూసినాడు. నీ పక్క తిరిగినాడా?"

తిరగలేదు. నాయన మళ్లీ నిచ్చెన ఎక్కాడు, చాలా ఏళ్లు ఎక్కాడు. నేను కింద పట్టుకుని నిలబడేవాణ్ణి.

ఈమధ్య అలాంటి యంత్రం మీదే నేనూ నడిచాను. "అంతా బాగుంది" అన్నాడు కుర్ర డాక్టరు, నన్ను కాదు, పక్కనున్న మా అమ్మాయిని చూస్తూ. చెప్పులు వేసుకున్నాను.

"ఏడికి నాయనా?" అంది అమ్మాయి.

"ఇంకో అంగడికి."

"నీకు సరిగా వినపడదని, నాకు చెప్పమని నేనే అడిగినాను. కూర్చో!"

ఆ మాట మాత్రం స్పష్టంగా వినపడింది. దాని వెనకే నాయన నవ్వు కూడా.