ఏజెంటు పోశవ్వ

పోశవ్వను ఈ లోకం చాలా మాటలే అన్నది. గయ్యాళి అన్నది, నోరుగలది అన్నది, వరంగల్ స్టేషన్ వెనక రోడ్డు మీద ఆకుకూరలమ్మే ఆమె గొంతు లేస్తే రైలు కూత కూడా వినపడదన్నది. అవన్నీ ఆమె కొంగు దులిపినంత తేలిగ్గా దులిపేసుకుంది. కానీ ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేస్తున్న మహిత అనే పిల్ల ఒకనాడు పొద్దున్నే వచ్చి, "అమ్మమ్మా, ఇందులో నువ్వొక ఏజెంటువు" అన్నప్పుడు మాత్రం ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవలే ఏజెంటు? ఏజెంటంటే ధాన్యం మార్కెట్ల కూసోని అటోని దగ్గర ఇంత, ఇటోని దగ్గర ఇంత కమీషన్ గుంజేటోడు. నేను రెక్కల కష్టం తినేదాన్ని. నన్ను గా మాట అంటవా?"

మహిత బిక్కమొహం వేసింది. పక్కనే కూర్చుని పుంటికూర కట్టలు పేర్చుకుంటున్న హుసేన్‌బీకి నవ్వాగలేదు. "జర ఇనరాదక్కా, పిల్ల ఏం చెప్తాందో" అని సర్దిచెప్పింది.

మహిత తన ల్యాప్‌టాప్ తెరిచి చూపించింది. తెర మీద గళ్లు, గళ్ల మధ్య రంగురంగుల చుక్కలు. అమ్మేవాళ్లు ఒక రంగు, కొనేవాళ్లు ఒక రంగు. ఒక్కో చుక్కనే ఏజెంటు అంటారట. ఒక్కోదానికి కొన్ని అలవాట్లు నేర్పుతారట: ముందు ఎటు చూడాలి, ఎంతసేపు బేరమాడాలి, కూర వాడిపోతుంటే ధర ఎప్పుడు దించాలి, ఎప్పుడు ఇంటికి పోవాలి అని. అలా నేర్పి వాటి మానాన వాటిని వదిలేస్తే, ఎవరూ తోలకుండానే తెర మీద బజారు నడుస్తుంది. రోడ్డు వెడల్పు చేయడానికి మున్సిపాలిటీ వాళ్లు ఈ అంగళ్లన్నిటినీ ఎత్తించి కొత్త షెడ్డులోకి మార్చబోతున్నారు. అక్కడ ఎవరు ఎక్కడ కూర్చుంటే ఎవరి బేరం ఎలా ఉంటుందో ముందే తెలుసుకోవడానికి ఈ లెక్క.

"మనుషుల్ని కూసోవెట్టి ఏడిపించేకంటే, ముందు చుక్కల్ని కూసోవెట్టి చూడడం మంచిది కదా అమ్మమ్మా" అంది మహిత.

పోశవ్వ కళ్లు చికిలించి చూసింది. "ఇందుల నేనేది?"

"ఇదిగో, ఈ ఆకుపచ్చ చుక్క."

"దానికి నోరున్నదా?"

"లేదు."

"అయితే గది నేను కాదు తియ్యి" అనేసి పోశవ్వ కొత్తిమీర మీద నీళ్లు చల్లుకుంది. కానీ ఆ రోజు నుంచి రోడ్డు రోడ్డంతా ఆమెకు ఏజెంటు పోశవ్వ అని పేరు పెట్టేసింది. ఉల్లిగడ్డలమ్మే కొమురెల్లి అయితే పొద్దున్నే "నమస్తే ఏజెంటు సాబ్" అనందే సంచి దించేవాడు కాదు.

ఇప్పుడా రోడ్డు లేదు. ఉంది గానీ, అది కార్లు పోయే రోడ్డు. షెడ్డులోకి వచ్చాక కూడా పోశవ్వ కళ్లు మూసుకుంటే పాత రోడ్డే కనిపించేది. ఇంకా మంచు విడవక ముందే కాజీపేట వైపు నుంచి ప్యాసింజరు వచ్చి ఆగడం, డ్యూటీ దిగిన రైల్వేవాళ్లు నిద్రకళ్లతోనే పాలకూర బేరమాడడం, మెంతికూర తడి వాసనా ఇంజను వాసనా కలగలిసి రావడం, చాయ్ డబ్బా దగ్గర గ్లాసుల చప్పుడు. పరకాల పక్క పల్లె నుంచి బాలరాజు పెళ్లాంగా ఈ ఊరొచ్చినప్పుడు ఆమెకు రైలెక్కడం కూడా రాదు. బాలరాజు ధాన్యం మార్కెట్లో హమాలీ. మనిషి మంచివాడు, తాగని రోజు ఇంకా మంచివాడు. అతను పోయాక బిడ్డ సునీతను పెంచిందీ, పెళ్లి చేసిందీ ఆ రోడ్డే. తల్లిగారిల్లు మరిచిపోయింది గానీ ఆ రోడ్డును మాత్రం ఆమె మరిచిపోలేదు. కొందరికి కాశీ ఉంటుంది, పోశవ్వకు ఆ రోడ్డుంది.

ఆ రోడ్డు ఆమెకిచ్చిన వాటిలో అన్నిటికన్నా గొప్పది హుసేన్‌బీ. పరంజా మీద నుంచి పడి మొగుడు కరీముద్దీన్ మంచం పడితే, చంకలో కొడుకు సోహెల్‌ను వేసుకుని, నెత్తిన గంప పెట్టుకుని వచ్చిందా పిల్ల. అప్పటి నుంచి ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు. అమ్మేదీ ఒకటే సరుకు. మామూలుగా అయితే అలాంటివాళ్లు జుట్లు పట్టుకుంటారు. వీళ్లు మాత్రం ఒకరి సరుకు తరిగితే రెండోవాళ్ల గంపలోంచి తీసి అమ్మేవాళ్లు. పోశవ్వ పొద్దంతా తిట్టేది, హుసేన్‌బీ పొద్దంతా నవ్వేది. పండక్కి సేమ్యా అటు నుంచి ఇటు, బతుకమ్మ నాడు సద్దులు ఇటు నుంచి అటు.

అన్నిటికన్నా ముఖ్యం బోణీ. పొద్దున్నే గిరాకి మొదలుకాకముందే హుసేన్‌బీ పోశవ్వ దగ్గర ఒక కట్ట కొనేది. అదే నాణెం పెట్టి పోశవ్వ హుసేన్‌బీ దగ్గర ఒక కట్ట కొనేది. నాణెం ఎక్కడ బయలుదేరిందో అక్కడికే చేరేది. "నీ చెయ్యి మంచిదే బీ, నీ బోణీ అయితే గంప అడుగు కనవడ్తది" అనేది పోశవ్వ. మహిత ఇదంతా కూర్చుని చూసి, "మీరిద్దరూ కొనుక్కున్నది ఒకదానికొకటి కొట్టేసుకుంటుంది కదా, లెక్కలోకి రాదు, తీసేస్తున్నా" అంది. తీసెయ్యమన్నారు ఇద్దరూ. అందులో తప్పు పట్టాల్సిందేముందని ఎవరికీ అనిపించలేదు.

షెడ్డుకు మారకముందే వార్డు కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టారు. గోడ మీద పెద్ద తెర వేసి మహిత చుక్కల్ని నడిపించింది. ముందు పాత రోడ్డు నడిచింది, తర్వాత కొత్త షెడ్డు నడిచింది. ఒకే సరుకు అమ్మేవాళ్లను దూరందూరంగా కూర్చోబెడితే ఇద్దరికీ గిరాకి పెరుగుతోందని, అయితే ఇది సలహా మాత్రమేనని, పక్కపక్కనే ఉంటామనే వాళ్లను ఉంచొచ్చని చెప్పింది. ఆఫీసరు గారు ఎవరేమంటారని అడిగారు. పోశవ్వ నోరు తెరవబోయింది. అంతలో పక్కనున్న హుసేన్‌బీ చెయ్యి లేచింది.

"మమ్మల్నిద్దర్ని దూరం కూసోవెట్టున్రి సారూ."

పోశవ్వకు చెవుల్లో ఏదో పేలినట్టయింది. తెరవబోయిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమెకు పెద్ద గేటు, హుసేన్‌బీకి వెనక గేటు రాసుకున్నారు. మెట్లు దిగేటప్పుడు హుసేన్‌బీ ఏదో చెప్పబోతే పోశవ్వ మొహం తిప్పుకుని పోయింది. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుంటే ఒకటే ఆలోచన: నా నోరు భరించలేకనే పోయింది. ఇన్నేళ్లూ నవ్వుతుంటే ఇష్టమనుకున్నాను, ఓర్చుకుందన్నమాట.

షెడ్డులో మొదటి రోజు పోశవ్వ చేసిన పని చూస్తే ఎవరైనా పిచ్చిదనుకుంటారు. చేతిలో సంచితో వచ్చిన గిరాకిని ఆపేసింది. "జర ఆగమ్మా, బోణీ కాలే" అంది.

"నేను కొంటే కాదా బోణీ?" అని ఆవిడ నోరు తెరిచింది.

కోపమంతా కోపమే, అలవాటంతా అలవాటే. కళ్లు వెనక గేటు వైపే ఉన్నాయి. హుసేన్‌బీ రాలేదు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే పక్కకు జారిపోతుంటే, బురఖా వేసుకున్న ఒక పడుచు పిల్ల వచ్చి, ధరైనా అడక్కుండా నాణెం పోశవ్వ చేతిలో పెట్టి, పుంటికూర కట్ట ఒకటి తీసుకుని వెళ్లిపోయింది. వద్దనే సందు కూడా ఇవ్వలేదు. ఇక చేసేదేం లేక పోశవ్వ అమ్మకం మొదలుపెట్టింది. ఆ రోజు గంప మధ్యాహ్నానికే ఖాళీ. మర్నాడూ అదే పిల్ల, అదే పుంటికూర, అదే వరస. ఈ పిల్ల చెయ్యి కూడా మంచిదే అనుకుంది పోశవ్వ. అనుకున్నందుకు లోపల ఎక్కడో తప్పు చేసినట్టు కలుక్కుమంది.

మహిత చూడ్డానికి వచ్చినప్పుడు పోశవ్వ దాపరికం లేకుండానే ఒప్పుకుంది. "నీ లెక్క తప్పలే బిడ్డా. గిరాకి మంచిగున్నది."

"మరి అట్లున్నవేంది అమ్మమ్మా?"

"ఎట్లున్న?"

"నోరు లేని చుక్క లెక్క."

పోశవ్వకు నవ్వు రాలేదు. నిజమే, తిట్టడానికి మనిషి లేదు. పక్కన కూర్చున్నది ప్లాస్టిక్ డబ్బాలమ్మే కుర్రవాడు, చెవిలో తీగలు పెట్టుకుని ఉంటాడు. వాణ్ని తిడితే గోడను తిట్టినట్టే.

ఒకనాడు ఉండబట్టలేక ఆ బురఖా పిల్లనే పట్టుకుంది. "ఓ పిల్లా, రోజూ పుంటికూరేనా? మీ ఇంట్ల మనుషులున్నరా, మేకలున్నయా?"

ఆ పిల్ల అమ్మమ్మను పిలిచినట్టు నానీ అని పిలుస్తూ ఫక్కున నవ్వింది. "ఎవరు తింటరు నానీ! మా అత్తమ్మ ఎండవెడ్తాంది. ఇంటి మీద జాగ లేదు." అని నాలుక కరుచుకుంది.

"ఎవలే మీ అత్తమ్మ?"

దొరికిపోయింది. ఆ పిల్ల ఫౌజియా, సోహెల్ భార్య. సోహెల్ పెళ్లికి పోశవ్వ పోయి బిర్యానీ తిని వచ్చింది గానీ, ఆ జనంలో పెళ్లికూతురి ముఖం సరిగా చూసిందెక్కడ? ఫౌజియా మెల్లగా చెప్పింది. "పెద్ద గేటు నానీకి మన ఇంటి చేత్తోనే బోణీ కావాలంటది. ఎవరు పంపిన్రో చెప్పొద్దన్నది."

పోశవ్వ లేచింది. గంపను ఆ తీగల కుర్రవాడికి అప్పజెప్పి, షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. హుసేన్‌బీ గంప ముందు ఆగింది.

"ఏందే, కోడల్ని పంపి బోణీ చేపిత్తవా? నీకు కాళ్లు లేవా?"

హుసేన్‌బీ తలెత్తలేదు. "మోకాళ్లు లేత్తలేవక్కా. లేచినా నీ మొఖం ఎట్ల సూడాలె?"

"నా మొఖానికేమైంది?"

"నాడు గా తెర మీద సూసినంక నా పానం ఆగమైంది. స్టేషన్ దిక్కుకెంచి వచ్చే చుక్కలన్ని ముందు నా దగ్గర్నే ఆగుతానయి. నా గంప ఖాళీ అయినంకనే నీ దగ్గరికి పోతానయి. నా చుక్క ఇంటికి పోతది, నీ చుక్క ఇంక ఆన్నే ఉంటది. ఇన్నేండ్లు నీ పక్కన కూసున్ననని మురిసిన. నీ ముంగట కూసున్ననని తెల్వలే. నీ నోటికాడి బువ్వ గుంజుకున్నక్కా."

చుట్టూ ఉన్నవాళ్లు బేరాలు ఆపి చూస్తున్నారు. పోశవ్వకు వచ్చిన కోపం మామూలు కోపం కాదు.

"ఓసి పిచ్చిదానా! గా ముంగటి జాగ నాదేనే. నువ్వు చంకల పిల్లగాన్నేసుకోని మురికి మోరీ పక్కన కూసుంటే, నీ దిక్కు ఒక్కలు రాకపోతే, నాకు ఎండ కొడ్తాంది, జరుగుతానని చెప్పి నిన్ను ముంగట కూసోవెట్టింది నేను గాదే?"

"ఎండ కొడ్తాందంటివి కదక్కా."

"గా రోడ్డు మీద నీడెక్కడున్నదే? అందరికి ఒక్కటే ఎండ!"

హుసేన్‌బీ నోరు తెరుచుకుని చూసింది. "మరి ఇన్నేండ్లు చెప్పకపోతివి?"

"చెప్తే కూసుందువా?" అంది పోశవ్వ, ఏడుపును తిట్టులోకి మళ్లించుకుంటూ. "నేనిచ్చిన జాగ నాకు వాపస్ ఇయ్యిమని ఎవలడిగిన్రే నిన్ను? నేను అడిగిన్నా? నా నోటికి జడిసి పోయినవని నేనక్కడ కుములుతాన్న, తిన్నది ఒంటికి పడుతలేదు నాకు!"

"నీ నోరు ఇనక నాకు పొద్దువోతలేదక్కా" అని హుసేన్‌బీ ఏడ్చేసింది. పోశవ్వ కూడా ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది.

హుసేన్‌బీ పక్క జాగా కొమురెల్లిది. పెద్ద గేటు నీకు, నీ జాగా నాకు అని పోశవ్వ అనేసరికి, ఆమె మనసు మారకముందే కొమురెల్లి ఉల్లిగడ్డల సంచి భుజాన వేసుకున్నాడు. "ఏజెంటు సాబ్ బేరం మంచి బేరం" అని ఒకటే పరుగు. సంగతి తెలిసి మర్నాడు మహిత వచ్చింది.

"ఇక్కడైతే ఇద్దరి గిరాకీ తగ్గుతది అమ్మమ్మా. నీ చుక్క ఎందుకు జరిగిందంటే నేనేం చెప్పాలె?"

"ఏమో బిడ్డా, నాకేమెరుక? తగ్గితే తగ్గనియ్యి" అంది పోశవ్వ. ఆమెకు నిజంగానే తెలియదు. గిరాకి తగ్గుతుందని మాత్రం బాగా తెలుసు.

అయితే అసలు పేచీ అప్పుడే మొదలైంది. గేటులోంచి వచ్చేవాళ్లకు ముందు తగిలే జాగాలోంచి హుసేన్‌బీ తన గోనెపట్టా వెనక్కి లాగేసి, "నువ్వు గేటు దిక్కు కూసో" అంది. ఇన్నేళ్లకు ఆమె గొంతు లేవడం పోశవ్వ వినడం అదే మొదలు. "నేను కూసోను, నువ్వే కూసో" అని పోశవ్వ ఆ పట్టాను ముందుకు తోసింది. ఇది వెనక్కి, అది ముందుకు. కొత్తిమీర కట్టలు కింద పడ్డాయి. రోడ్డు పోయాక ఇంత సంతోషం పోశవ్వకు ఇదే మొదటిసారి.

చేతిలో సంచితో నిలబడ్డ ఒక టీచరమ్మ బస్సుకు టైమవుతోందని చూసి చూసి విసిగిపోయింది. "అమ్మా, మీ కొట్లాట తర్వాత. ముందు నేనెవరి దగ్గర కొనాలో చెప్పండి!"

"ఆమె దగ్గర!" అన్నారిద్దరూ ఒక్కసారే, ఒకరి వైపు ఒకరు చెయ్యి చూపిస్తూ.