పోలేరయ్యన్నకు పడని మాట

పోలేరయ్యన్నకు పడని మాటలు చాలా ఉండేవి. ఖాళీ వలతో ఒడ్డుకు వచ్చినప్పుడు “ఏం పడలా?” అని అడిగితే మంట. నిండుగా వచ్చినప్పుడు “అదృష్టమంతా నీదేనబ్బా” అంటే ఇంకా మంట. దిష్టి పెడుతున్నారని అనుమానం. జువ్వలదిన్నెలో అతను అనుమానించని మనిషి లేడు.

వేటకు బయల్దేరేటప్పుడు “యాడికి?” అని అడిగితే మాత్రం అయిపోయినట్టే. మా వాళ్లలో ఆ మాట అడగకూడదు. అయినా వల భుజాన వేసుకున్నవాడు సముద్రానికి కాక పెళ్లికి పోతాడా? మిగతావాళ్లయితే కాసేపు కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయల్దేరేవాళ్లు. పోలేరయ్యన్న ఆ రోజుకు వేటే మానేసేవాడు. అతనితో ఒకే తెప్ప మీద పోయేవాణ్ణి కాబట్టి నాకూ పస్తే. నాకు ఒళ్లు మండేది ఆ మాట మీద కాదు, అతని మీద.

అరవై ఒకటో సంవత్సరం, కార్తీకమాసం. మా వీధి చివర పాకలో ఉండే ముసలమ్మవ్వ వరసగా మూడు రోజులు, మేము వలతో పోతుంటే “యాడికిరా పోలేరా?” అని అడిగింది. మూడు రోజులూ వెనక్కి తిరిగాం.

“అవ్వకు మతి తప్పిందన్నా” అన్నాను.

“మతి తప్పితే గంగులయ్యనెందుకు అడగలా? వాడు మనకంటే ముందే పోయినాడు గదా. ఎవురో చెప్పి చేపిస్తుండారురా పెంచలా.”

గంగులయ్యది మా పక్క తెప్ప. ఆ మూడు రోజులూ వాడికి వంజరం చేపలు బాగా పడ్డాయి. అన్నకు ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. నిజం చెప్పొద్దూ, నాకూ వాడి మీద అనుమానం పుట్టింది. వాడు నవ్వినా మమ్మల్ని చూసే నవ్వుతున్నట్టు ఉండేది.

నాలుగో రోజు అన్న దారి మార్చాడు. వీధిలోంచి కాకుండా సరుగుడు తోపు వెనక నుంచి పోదామని ముందురోజు సాయంత్రమే వాళ్లింటి అరుగు మీద నాతో చెప్పాడు. పొద్దు పొడిచేసరికి తోపులోకి అడుగుపెట్టామో లేదో, పుల్లలేరుకుంటూ ముసలమ్మవ్వ!

“యాడికిరా పోలేరా?”

అన్న ముందు నా వైపు చూశాడు. ఈ దారి సంగతి తెలిసింది నాకే కదా. తర్వాత వల కిందపడేసి అవ్వ మీదికి పోయాడు.

“ఎవురు చెప్పినారో చెప్పవ్వా! లేదంటే పెద్దోళ్లకు చెప్పి నీకు దురాయి వేయిస్తా!”

దురాయి అంటే మా కులపెద్దల కట్టు. అది పడినవాళ్లకు ఊళ్లో నిప్పు కూడా పుట్టదు. ముసలిది చేతిలో పుల్లలు పడేసింది.

“నన్నేం చెయ్యబాకరా. నీ పెళ్లామే చెప్పింది. ఈ దారిన వస్తావని గూడా కామమ్మే చెప్పింది.”

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అన్న ఇంటికి ఎలా నడిచాడో నాకు గుర్తులేదు. చెయ్యి చేసుకుంటాడేమోనని వెనకే పరిగెత్తాను. కామమ్మ వదిన పొయ్యి ముందు కూర్చుని ఉంది. అబద్ధం చెప్పలేదు, లేవనూ లేదు.

“పోయిన కార్తీకంలో మా అన్నకు చద్ది కట్టిచ్చి వేటకు పంపించింది నేనే. శవం గూడా దొరకలా. ఈ నెల దాటేదాకా నువ్వు ఒడ్డునుంటే చాలనుకున్నా.”

“పిల్లోళ్లకు తిండేదే?”

“ఉండేది వాళ్లకే పెడతాండా. నేను మూడు దినాలుగా తినలా.”

“ఆ మాటేదో నాతో చెప్పొచ్చు గదే!”

“చెప్పలా? రెండుసార్లు చెప్పినా. ‘ఆడదానివి, నీకేం తెలుసు’ అన్నావు. అవ్వ ఒక్క మాట అడిగితే తిరిగొచ్చినావు.”

నాకు ఏడుపొచ్చింది. ఆకలితో కూర్చున్న ఆ మనిషి ముందు మా పస్తుల గొడవంతా సిగ్గుగా అనిపించింది. అన్న తోపులోకి వెళ్లి, పడేసిన వలను తెచ్చి చూరుకు కట్టేశాడు.

ఆ వారమే ఇద్దరం బిట్రగుంటలో రైలెక్కి కోవూరు వైపు పోయాం, నారు మోసే కూలికి. సముద్రం తప్ప ఏమీ ఎరగని మనిషి మోకాలి లోతు బురదలో పడుతూ లేస్తూ నడుస్తుంటే, పొలం ఆసామి రంగనాయకులు నవ్వి, “సముద్రపోళ్లకు మళ్లల్లో ఏం పనయ్యా?” అన్నాడు.

అన్న కసురుకుంటాడని నేను భయపడ్డాను. అతను నారుకట్ట భుజం మార్చుకున్నాడు.

“ఇంట్లో దానికి భయమంటయ్యా” అన్నాడు.