మడమలు లేని అడుగులు

2022, వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. బెల్లంపల్లిలో నా ఫిజియోథెరపీ క్లినిక్ అంటే రెండు మంచాలు, ఒక ట్రెడ్‌మిల్, నా నోటి దురుసు. అక్కడికి రజిత వచ్చింది. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎనిమిది వందల మీటర్ల పరుగు సాధన చేస్తోంది. పరుగుకు పది వారాలే ఉన్నాయి. వయసు మించిపోతుంది కాబట్టి ఇదే ఆఖరి అవకాశమని చెప్పింది.

రెండు కాళ్లకూ అకిలిస్ టెండన్ నొప్పి. పిక్కను మడమ ఎముకకు కలిపి ఉంచే లావుపాటి తాడు అది. పొద్దున మంచం దిగితే అడుగు పడదు. పరుగు తగ్గించి, హీల్ రేజ్‌లు నేర్పాను. మెట్టు అంచున నిలబడి మునివేళ్ల మీద లేచి, మడమలు మెల్లగా దించడం. నాలుగు వారాలైనా గుణం లేదు. ట్రెడ్‌మిల్ మీద చూస్తే ఆమె పరుగు నిక్షేపంగా ఉంది. ఇంట్లో ఏమీ చేయకుండా నాకు అబద్ధం చెబుతోందని గట్టిగా కసిరాను. పాపం, ఒట్టు పెట్టి కళ్లనీళ్లు పెట్టుకుంది.

మర్నాడు తెల్లారగానే ఆమె పరుగెత్తే చోటికే వెళ్లాను. మూతపడిన బొగ్గుబాయి పక్క మట్టిబాట అది. బాయి గేటు దగ్గర బండి ఆపి, కాస్త ముందుకు నడిచి నిలబడ్డాను. మంచు కమ్మి ఉంది. దూరం నుంచి ఆమె అడుగుల చప్పుడు వినబడుతోంది. గేటు దాటగానే చప్పుడు ఆగిపోయింది. ఆమె ఆగిందనుకున్నాను. కానీ మనిషి వస్తూనే ఉంది, అదే వేగంతో, నా వైపే. నిజం చెప్పాలంటే నాకు భయమేసింది.

దగ్గరికి వచ్చాక తడిమట్టి చూపించాను. గేటు దాకా నిండు పాదాలు. గేటు దాటాక పాదం ముందు భాగం ముద్రలే, ఒక్క మడమ కూడా లేదు. అవి తనవంటే ఆమె నమ్మలేదు. భయం భయంగా ఒక ముద్రలో కాలు పెట్టి చూసుకుంది. సరిగ్గా సరిపోయింది.

ముద్రలోంచి కాలు తీయకుండానే చెప్పింది. "బాపు రాత్రి షిఫ్టు చేసొచ్చి పొద్దంత పండుకుంటుండె సార్. లేస్తడని అవ్వ మమ్ముల మడిమెలు నేలకు ఆననియ్యకపోతుండె."

ఆ తండ్రి ఈ బాయిలోనే, ఈ బాట కిందే ఎక్కడో పోయాడట. అప్పటికి ఆమె బడికి పోయే పిల్ల.

మునివేళ్ల మీద పరుగెత్తితే ఆ తాడు మీద భారం పెరుగుతుంది. బాట మార్చమన్నాను.

"గీ తొవ్వ ఇడిసిపెడితె బాపును ఇడిసిపెట్టినట్టు కాదా సార్?"

ఈసారి నేను కసరలేదు. "బాపు పండుకున్నంక నువ్వు బడికి పోతుంటివి గద బిడ్డా" అన్నాను.

మర్నాటి నుంచి బడి మైదానంలో పరుగెత్తింది. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, అసలు రోజున గడువు లోపలే గీత దాటింది. ఫోన్ చేసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

అంతకుముందు నా దగ్గరికి వచ్చేవాళ్లను ఎంత దూరం పరుగెత్తుతున్నారని మాత్రమే అడిగేవాణ్ని. ఇప్పుడు ఎక్కడ పరుగెత్తుతున్నారని కూడా అడుగుతాను. వీలైతే వెళ్లి చూస్తాను.

ఒక్క సంగతి మాత్రం రజితకు చెప్పలేదు. ఆ పొద్దున ఆమె వెళ్లిపోయాక, బండి కోసం గేటు దాకా ఒంటరిగా నడిచాను. ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. నా చెప్పుల ముద్రల్లోనూ మడమలు లేవు.