లక్ష్మీకాంతమ్మ మోకాళ్లు

సంతోష్‌నగర్ గుళ్లో ముప్పై ఏళ్లుగా నైవేద్యం వండేది లక్ష్మీకాంతమ్మే. పొయ్యి ముందు నుంచి లేచేటప్పుడు గోడ పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకునేది. చర్మం మెరవాలని కోడలు వేదశ్రీ తాగే కొలాజెన్ పొడి మోకాళ్లకూ మంచిదంటే, తనూ మొదలుపెట్టింది. నాలుగు నెలల్లో నొప్పి నిజంగానే తగ్గింది. ఒకరోజు వేదశ్రీ డబ్బా మీది చిన్న అక్షరాలు చదివి బిత్తరపోయింది.

"అత్తమ్మా, ఇది చేప చర్మంతో చేస్తరంట."

ఆమె చాలాసేపు తన చేతులే చూసుకుంది. "నాలుగు నెలలు దేవునికి గీ చేతులతోనే వండిపెట్టిన."

"తెల్వక తాగినవ్. ఎవ్వరికీ చెప్పకు," అన్నాడు పూజారైన భర్త వామన్‌రావు.

మర్నాడు తలస్నానం చేసి గుడికైతే వెళ్లింది గానీ, వంటగది గడప దాటలేదు. బయట మెట్టు మీద కూలబడింది. వామన్‌రావే పొయ్యి ముట్టించి, "పొంగలికి బియ్యం ఎన్ని పోయాలె?" అని లోపలి నుంచి అడిగాడు.